పడవ అంచు మీది వేళ్ళు

నా చిన్నప్పుడు, మేము ఆస్ట్రేలియాలో టూంగాబీ అనే ఊళ్ళో ఉండగా, నేను మా తమ్ముణ్ని కాల్చాను. కావాలని చెయ్యలేదు. అయినా ఆ మాటను తిన్నగా ఇలాగే చెప్పాలని నేర్పినవాడు మా పక్కింటి అంకుల్.

కాకినాడ నుంచి మేము ఈ దేశం వచ్చి అప్పటికి ఏడాది. నాన్న డాక్టరు. నాకు పదేళ్ళు, తమ్ముడికి ఆరు. పక్కింట్లో ఒక నార్వే ఆయన ఒంటరిగా ఉండేవాడు. యుద్ధకాలంలో ఓడల్లో పనిచేశాడట. ఎడమ చెవి సగమే ఉండేది. మెడ మీద చర్మం కరిగి గడ్డకట్టిన మైనంలా కనిపించేది. ఆయన పలకరిస్తే మేము లోపలికి పరుగెత్తేవాళ్ళం.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మ వంటింట్లో ఉండగా, పెరట్లో బట్టల తొట్టిలో కాగితం పడవలు వదిలాను. హీటరు కోసం ఉంచిన కిరసనాయిలు ఆ నీళ్ళ మీద పోసి అగ్గిపుల్ల గీశాను. ఒక్క పడవ అంటుకుంటుందనుకున్నాను. తొట్టి మొత్తం భగ్గున లేచింది. వంగి చూస్తున్న తమ్ముడి చొక్కా చెయ్యి అంటుకుంది. వాడి అరుపు విని అంకుల్ కంచె దూకి వచ్చాడు. వాణ్ని గడ్డిలో పడేసి దొర్లించి, మండుతున్న గుడ్డను వట్టి చేతులతో లాగేశాడు. దాంతోపాటు వాడి చర్మం కూడా కొంత ఊడి వచ్చింది.

నాన్న వచ్చి కట్టు కట్టాక అడిగాడు: "ఎవరు వెలిగించారు?"

"వాడే" అన్నాను.

"నాట్ మీ, నాన్నా" అన్నాడు తమ్ముడు. నాన్న నమ్మలేదు. కట్టుతో ఉన్నవాణ్ని చెంప మీద కొట్టాడు. వాడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

మర్నాడు బడి నుంచి వస్తుంటే అంకుల్ పిలిచి తన మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఆయన అరచేతులకూ కట్లు ఉన్నాయి. అగ్గిపుల్ల గీసింది ఎవరో కంచె మీదుగా తను చూశానన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, తన సంగతి చెప్పాడు. పదేళ్ళ పిల్లకు చెప్పే సంగతి కాదది.

ఆయన పనిచేసింది ఒక నార్వే ట్యాంకరు మీద. ఓడ కడుపు నిండా విమానాల పెట్రోలు. ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి వస్తుండగా ఒక పొద్దున జపాను విమానాలు మీద పడ్డాయి. మొదటి బాంబు నీళ్ళలో పేలింది. రెండోది కెప్టెన్ నిలబడ్డ చోట పడింది. అక్కడ ఏమీ మిగల్లేదు. మూడోది పెట్రోలు గదిలోకి దిగింది. ఇనప డెక్కు కాగితంలా పైకి చుట్టుకుపోయిందట. ఒళ్ళు అంటుకున్న మనుషులు సముద్రంలోకి దూకారు. సముద్రం కూడా మండుతోంది. అంకుల్ కొందరితో కలిసి ఓడ నుంచి దించిన చిన్న పడవలోకి ఎక్కాడు. విమానాలు తిరిగొచ్చి పడవల మీద మరతుపాకులతో కాల్చాయి. ఆయన పక్కన తెడ్డు వేస్తున్న మనిషి తల ఆయన ఒళ్ళో వాలింది.

అప్పుడు ఓడ వంటవాడు ఈదుకుంటూ వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. పడవ జనంతో నిండి మునిగేలా ఉంది, వెనక నుంచి మంట తరుముకొస్తోంది. వదిలించమని ఎవరో అరిచారు. అంకుల్ తెడ్డుతో ఆ వేళ్ళ మీద కొట్టాడు. వదల్లేదు. మళ్ళీ కొట్టాడు.

యుద్ధం అయ్యాక ఆ వంటవాడి తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పినదాన్ని నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

"వాడంతట వాడే చెయ్యి వదిలేశాడని చెప్పాను. ఆవిడ నాకు భోజనం పెట్టింది. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, దేన్నీ గట్టిగా పట్టుకోడు అని ఏడ్చింది. నేను తింటూ కూర్చున్నాను."

ఆయన కట్టు ఉన్న చేత్తో మా ఇంటి కంచె వైపు చూపించాడు. తర్వాత అన్నాడు: "ఆవిడ పోయింది. ఇప్పుడు చెబుదామన్నా వినే మనిషి లేదు. మీ తమ్ముడు ఆ కంచె అవతలే ఉన్నాడు. నువ్వు చెప్పకపోతే నేను మాత్రం చెప్పను."

ఇంటికి వెళ్ళి నాన్న ముందు నిలబడ్డాను. "నేనే వెలిగించాను. అబద్ధం చెప్పాను." నాన్న నన్ను కొట్టలేదు. లేచి వెళ్ళి తమ్ముడి మంచం పక్కన కింద కూర్చుని, "తప్పయిపోయిందిరా కన్నా" అన్నాడు. నాన్న ఏడవడం అప్పుడే చూశాను. తమ్ముడు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

పెద్దయ్యాక నేనూ డాక్టరునయ్యాను. ఒకరోజు నేను తప్పుగా రాసిన మందు వల్ల ఒకావిడ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. తోటి డాక్టరు పక్కకు పిలిచి, "ఇప్పుడే ఏం చెప్పకండి మేడం, ముందు లీగల్ వాళ్ళతో మాట్లాడదాం, లెట్స్ వెయిట్" అన్నాడు. నేను తిన్నగా వార్డుకు వెళ్ళి ఆవిడకూ, ఆవిడ భర్తకూ చెప్పాను. తప్పు నాది అన్నాను. ఆయన నన్ను బయటికి పొమ్మన్నాడు. ఆ తర్వాత కూడా క్షమించలేదు. క్షమించాలని నేను అడగనూ లేదు.

అది తేలికేమీ కాదు. ఆవిడ గది తలుపు ముందు ఒక్క క్షణం ఆగాను. కానీ వినవలసిన మనిషి ఇంకా లోపలే ఉంది. తలుపు తోయడానికి ఆ ఒక్క సంగతి చాలింది. ఇప్పటికీ అదే చాలుతుంది.