రెండు గీతల సారు

మా కాలేజీ ఎకనామిక్స్ సారుకు ఆ రోజు పిచ్చి లేచిందని వనపర్తిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. పక్క క్లాసులో పాఠం చెప్తున్నది నేనే, అంతా నా కళ్లముందే జరిగింది. ఎవరిని కొడుతున్నాడో ఆయనకు బాగా తెలుసు.

ఏటా ఆయన బోర్డు మీద చైనా జననాల రేటుకు ఒక గీత, మనదానికి ఒక గీత గీసేవాడు. నిటారుగా పడే చైనా గీతను చెక్క స్కేలుతో ఫట్‌మని కొట్టి, "ఆడ కొట్టి దించిన్రు. ఈడ ఎవ్వరు కొట్టకుంటనే దిగింది" అనేవాడు. ఇక్కడా ఆడవాళ్ల ఒళ్లు కోసే దించారని స్టాఫ్ రూములో ఆయనతో నాకు ఎప్పుడూ తగువే.

ఆ రోజు ఆ పాఠం మధ్యలోనే, పుణెకు పనికి పోయిన మా కాలేజీ ఆయా మొగుడు వచ్చి దిగాడు. ఇద్దరు ఆడపిల్లలు చాలని, తనకు చెప్పకుండా ఆమె ఆపరేషన్ చేయించుకుందని అప్పుడే తెలిసిందట. వరండాలో జుట్టు పట్టి ఈడ్చి, ఇంకా మానని కుట్ల మీద తన్నాడు.

"నన్నడగకుండ నా కొడుకునే కోయించుకుంటివి గదనే" అంటూ మళ్లీ తన్నాడు.

సారు స్కేలుతో బయటికొచ్చాడు. అది విరిగేదాకా వాడి మొహం మీద కొట్టాడు. విరిగాక పిడికిళ్లతో కొట్టాడు.

"ఇడువు సారూ, సస్తడు" అని ఆయన కాళ్లు పట్టుకుని ఆపింది, నెత్తురోడుతున్న ఆ ఆయానే.

ఆమె బతికింది. సారు గద్వాలకు బదిలీ అయ్యాడు. అక్కడ మన గీత గీస్తాడు గానీ, ఎవ్వరూ కొట్టకుండానే దిగిందన్న మాట మాత్రం అనడట.

సారుకూ ఇద్దరే పిల్లలు. వాళ్లింట్లో ఆ కోతకు ఒళ్లప్పగించింది ఆయన భార్యే; ఏమేం భరించి అప్పగించిందో ఆమెను ఎన్నడైనా అడిగాడా?