సిమెంటు పంపు మామ, మా బావిలో చప్పుడు

సిమెంటు పంపు మామ పోయాడని పులివెందుల నుంచి వచ్చిన బస్సులో ఎవరో చెప్పి పంపారు. నేను వెళ్లేసరికే ఖననం అయిపోయింది. ఖబరస్తాన్ గేటు దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చాను. ఆయన నాకు చుట్టం కాదు. ఒక్క ఎండాకాలం మాత్రం మా ఊరి పక్కన పనిచేశాడు, అంతే. అయినా ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టుంది నాకు. మా అమ్మ నిరుడే పోయింది. ఆమె చెవిన పడకూడని సంగతి ఒకటి ఆయనకూ నాకూ మధ్య ఇన్నాళ్లూ ఉండిపోయింది. ఇక దాచి ఎవరికోసం?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జమ్మలమడుగు దిగువన పెన్నేటి మీద వంతెన పని మొదలైంది. స్తంభాల కింద అంతా నాపరాయి, పొరల నడుమ చీలికలు. బండకు రంధ్రం చేసి, గొట్టం దించి, నీళ్లలో కలిపిన సిమెంటును పంపుతో కొట్టి ఆ చీలికలు పూడ్చాలి. ఆ పంపు నడిపేవాడు మామ. సొంతూరు పొద్దుటూరు. నేను అయ్యవారుగా ఉన్న బడికి తాగునీళ్ల కోసం వచ్చేవాడు. "ఏమయ్యోరూ, పిల్లోళ్ల కన్నా నువ్వే ఎక్కువ అరుస్తాండావే" అని మొదటిరోజే ఆటపట్టించాడు. నాకు కోపం వచ్చింది. మరునాడు ఆయన రాకపోతే వెలితిగానూ అనిపించింది.

ఆ పంపు రోజూ మధ్యాహ్నం మొండికేసేది. ముందు మోటరు ఫీజు కాలిపోయేది. ఫీజు వేసి మళ్లీ తిప్పితే వాల్వు బిగుసుకునేది. వాల్వు మార్చారు, మోటరు విప్పి చూశారు, మరునాడు మళ్లీ అదే కథ. మామ ఒక డబ్బా బోర్లించుకొని షెడ్డులో కూర్చున్నాడు. "ఇంకోసారి రానీ. వచ్చేటప్పుడు దాని మొగం జూడాల" అన్నాడు. ఆయన పద్ధతే అది. జబ్బు కళ్లారా చూడనిదే స్పానరు ముట్టేవాడు కాదు. చివరికి చూశాడు. రైతులు బావుల మీద మోటర్లు వేసే వేళకు షెడ్డులో బల్బు ఎర్రబడుతోంది. కరెంటు నీరసించి మోటరు రొప్పుతోంది, ఫీజు పోతోంది. పంపు ఆగినంతసేపూ లోపల సిమెంటు పేరుకొని వాల్వును పట్టేస్తోంది.

"రెండు జబ్బులని మందులేస్తాండాం. రెండూ ఒకటేనప్పా" అని నవ్వాడు. అప్పటినుంచి సిమెంటు పని పొద్దున పూటకు మార్చారు.

ఒక జబ్బు మాత్రం మిగిలింది. ఒకచోట రంధ్రంలోకి కొడుతుంటే, ప్రెషరు చూపే ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయేది. పంపే ఎక్కడో కారుతోందన్నారు. మామ రంధ్రం మొదట్లో ఉన్న కవాటం మూసి చూశాడు. ముల్లు కదలకుండా నిలబడింది. "పంపు బాగుండాది. బండే తాగుతాంది" అన్నాడు. ఎంత పోసినా బండ కడుపు నిండలేదు. ఏరు ప్రాణం అడుగుతోందని కూలీలు గుసగుసలాడుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో మరో కథ మొదలైంది. ఏటికి కాస్త ఎడంగా మా ఊరి మంచినీళ్ల దిగుడుబావి ఉంది. నా చెల్లెలు చిన్నతనంలో ఆ మెట్ల మీదే కాలు జారి, నీళ్లలో పడి చనిపోయింది. ఆ తరవాత అమ్మ ఆ దిక్కు చూసేది కాదు. ఇప్పుడేమో, పొద్దున నీళ్లకు వెళ్లినవాళ్లు బావి రాళ్లలోంచి చప్పుడు వస్తోందని బిందెలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఊరు బావికి పోవడం మానేసింది. అమ్మ పోవడం మొదలుపెట్టింది.

"పాప పిలుస్తాందిరా" అంది.

దయ్యాలు లేవని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ని. నేనే దిగి రాతికి చెవి ఆనించాను. దబ్. కాస్త ఆగి, దబ్. గోడకు అవతల ఎవరో అలిసిపోయి పిడికిలితో కొడుతున్నట్టుంది. గబగబా మెట్లెక్కి బయటపడ్డాను.

అమ్మ రోజుకు కొంత కిందికి దిగి కూర్చుంటోంది. ఒకరోజు వెళ్లేసరికి పాదాలు నీళ్లలో ఉన్నాయి. రెక్క పట్టుకుంటే, "ఇంకొంచెం కిందికి పోతే మాట గూడా ఇనపడ్తాది. ఇడ్సు" అంది. అరిచాను, బతిమాలాను. తిండి మానేసిన మనిషిని ఎంతసేపని కాపలా కాయగలం? ఏదో ఒకరోజు ఆ నీళ్లు ఆమెనూ తీసుకుంటాయని నాకు భయం పట్టుకుంది.

మామకు చెప్పాను. వచ్చి, రాతికి చెవి పెట్టి విని, నీళ్ల అంచున బూడిదరంగు సిమెంటు తెట్టును వేలితో తీసి చూశాడు. మరునాడు గట్టు మీద నుంచి ఎర్రగుడ్డ ఊపి పంపు ఆపించాడు. చప్పుడు ఆగింది. మళ్లీ ఊపాడు. కాసేపటికి మొదలైంది. నా ప్రాణం లేచొచ్చింది. అమ్మకు చెప్పేస్తానని పరుగెత్తబోయాను.

"ఆగప్పా. సిమెంటు చిక్కంగా కొడితే చీలిక మూసుకుంటాది. చప్పుడూ పోతాది. ఆ తల్లిని అడక్కుండా ఎట్ల మూసేది?"

బండలో చీలిక మూయడానికి ఒక తల్లిని అనుమతి అడిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అమ్మ బావికి వచ్చి కూర్చున్నాక, మామ నీళ్లకూ ఆమెకూ మధ్య, ఒక మెట్టు కింద కూర్చున్నాడు. "అక్కా, ఆ చప్పుడు నా మిషనుది."

అమ్మ కోప్పడలేదు. "నీ మిషనుదే అయితే నా బిడ్డ పోయిన తావునే యాల కొడ్తాంది నాయనా?"

"తెలీదక్కా" అన్నాడు మామ. "రేపు మూసేస్తా. మూసేటప్పుడు నీ పక్కనే ఉంటా. ఇద్దరం ఇందాం" అన్నాడు. అమ్మ తల ఊపింది.

మరునాడు పొద్దున చిక్కటి సిమెంటు కలిపి పంపు తిప్పమని తన మోటరు మనిషికి చెప్పి వచ్చాడు. ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. చప్పుడు మొదలైంది. చాలాసేపు గట్టిగా కొట్టింది. తరవాత మెల్లమెల్లగా, ఎవరో నడిచి దూరమవుతున్నట్టు సన్నబడింది. అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆఖరికి ఏమీ వినిపించలేదు.

అమ్మ రాతి మీద అరచెయ్యి ఉంచి, "నిద్రపోయింది" అంది. కొంగుతో మొహం తుడుచుకొని, మెట్లెక్కి ఇంటికి పోయి, సంగటి ఉందా అని ఇంట్లోవాళ్లను అడిగిందట.

మేమిద్దరం లేవబోతుంటే మోటరు మనిషి సైకిలు మీద వచ్చి పైనుంచి తొంగి చూశాడు.

"మామా, పొద్దన్నుంచి కరెంటే ల్యా. మిషను తిప్పనే ల్యా. నువ్వొస్తావని జూసి జూసి ఈడికే వచ్చినా."

మరునాడు కరెంటు వచ్చాక పంపు ఆడించి ఆ చీలిక మూశారు. నేను బావిలోనే నిలబడి విన్నాను. ఏ చప్పుడూ రాలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ రాలేదు. దీని సంగతేందో చూద్దామని మామ ఏనాడూ అనలేదు.

మోటరు మనిషి వచ్చి చెప్పిన ఆ పొద్దు మాత్రం, "మీయమ్మకు చెప్పాకప్పా" అన్నాడు. చెప్పులు విప్పి చేతబట్టుకున్నాడు. దర్గాలోంచి బయటికి వచ్చేటప్పుడు నడిచినట్టు, నీళ్లకు వీపు చూపకుండా, ఒక్కొక్క మెట్టే వెనక్కి వెనక్కి ఎక్కాడు.