గుర్రం మీద చెప్పిన చేపల పులుసు

బాబాయి పోయాడని మొన్న ఆయన కూతురు ఫోన్ చేసింది. అప్పుడు అరబ్బు దేశంలో, కరామాలో నేను పనిచేసే హోటల్ వంటింట్లో ఉన్నాను. జగిత్యాల దగ్గర తన ఊళ్ళోనే, పొద్దున టీ తాగి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదట. "మీ ముచ్చట మస్తు చెప్పేటోడు అక్కా" అంది.

ఆయన నాకు చుట్టం కాదు. కరోనా తగ్గుముఖం పట్టాక మఫ్రఖ్ దాటి ఎడారి వైపున్న ఒక ఫామ్‌హౌస్‌లో నేను వంటమనిషిని, ఆయన గుర్రాలు చూసుకునేవాడు. నాది అమలాపురం వైపు. గుర్రాలు ఉలిక్కిపడకుండా శాలలోకి వెళ్ళేముందు చిన్నగా దగ్గేవాడు. నా వంటింటి గుమ్మం దగ్గరా అలాగే దగ్గేవాడు.

అక్కడొక గోధుమరంగు ఆడగుర్రం ఉండేది. కవరు ఎగిరినా, నీళ్ళ పైపు కదిలినా పక్కకు గెంతేది. ఒకరోజు మా యజమానురాలు మేడమ్ కూతుర్ని, పన్నెండేళ్ళ పిల్లని, పడేసింది. దెబ్బ పెద్దది కాదు గానీ పిల్ల మళ్ళీ ఎక్కనంది. "ఒక్క నెల చూస్తా, తర్వాత ఖలాస్, అమ్మేస్తా" అంది మేడమ్. ఆ పిల్లకి గుర్రమంటే ప్రాణం. నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చి, వచ్చీరాని హిందీలో "నువ్వెక్కి చూపించు ఆంటీ, అప్పుడు నేనూ ఎక్కుతా" అంది. నేను సైకిల్ కూడా ఎక్కినదాన్ని కాదు.

"నా వల్ల కాదు బాబాయ్, నడుం విరిగిపోద్ది."

"విరగది బిడ్డా. ముందుగాల దాని పొంటి నడువు."

వారం రోజులు తాడు పట్టించి దాని పక్కనే నడిపించాడు. అది దేన్ని చూసి ఆగితే అక్కడ నన్నూ ఆగమనేవాడు. తర్వాత ఎక్కించాడు. కళ్ళెం బిగించి పట్టుకుని కొయ్యలా కూర్చున్నాను.

"ఊపిరి వట్టకు. నువ్వు బిగుసుకుంటే అది గూడ బిగుసుకుంటది. అది ఎటన్న చూడనీ, నువ్వు పోయే దిక్కే చూడు."

వదలమంటే వదులుతుందా ఊపిరి? కాసేపు చూసి, "చేపల పులుసు ఎట్ల జేస్తవ్, చెప్పు" అన్నాడు. మాట్లాడితే ఊపిరి అదే ఆడుతుందని ఆయన ఉపాయం. రోజూ అదే పులుసు చెప్పించుకున్నాడు. ఆయన చేపలు ముట్టడని చాలా రోజులకు తెలిసింది.

నెల పూర్తవడానికి నాలుగు రోజులుందనగా, పిల్ల కంచె పట్టుకుని చూస్తోంది. గాలికి ఖర్జూరపు గెలకు కట్టిన వల ఊడి ఎగిరింది. గుర్రం గెంతింది. రికాబులోంచి నా కాలు జారింది. బాబాయి పరుగెత్తి రాలేదు. ఉన్నచోటే నిలబడి, "చింతపండు ఎంతేస్తవ్?" అని అడిగాడు.

"నిమ్మకాయంత!" అని అరిచాను. అరుపుతో పాటే ఊపిరి వదిలాను, చేతులు సడలాయి. గుర్రం రెండడుగులు వేసి, తల దించి, నడక అందుకుంది. దిగేసరికి పిల్ల స్వారీ టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. గుర్రాన్ని అమ్మలేదు.

రెండేళ్ళకు ఆయన ఇంటికి వెళ్ళిపోయే పొద్దున, "మీరెప్పుడూ ఎక్కరేం బాబాయ్?" అని అడిగాను.

"ఒకపారి గుర్రం మీదికెల్లి వడి మోకాలు విరిగినంక భయమైతది బిడ్డా" అన్నాడు. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను హిందీలో చెబితే పిల్ల విని, గుర్రాన్ని తెచ్చి ఆయన ముందు నిలబెట్టింది. "యల్లా, కాకా" అంది, ఎక్కు పోదాం అన్నట్టు.

ప్రయాణానికి వేసుకున్న కొత్త చొక్కాతోనే ఎక్కాడు. మొదట వంగి కూర్చున్నాడు. మెల్లగా నడుం నిలబడింది. ఖర్జూరపు చెట్ల వరసలో ఆ తెల్లచొక్కా ఒక మానుచాటుకు వెళ్ళి, మళ్ళీ కనబడి, ఇంకో మానుచాటుకు వెళ్ళి... పెట్టె ఎక్కించిన కారు గేటు దగ్గర హారన్ కొడుతూనే ఉంది, ఆయన ఇంకా అవతలి చివరికే వెళుతున్నాడు.