వంట వంతులు

ఆ ఆదివారం మధ్యాహ్నం సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో మేం అద్దెకున్న ఫ్లాట్లో ముగ్గురం కలిసి ఒక ఇంగ్లిషు సినిమా చూశాం. ఒక నగరంలోని పేటలో నల్లవాళ్ళ కుటుంబం అద్దెకు దిగితే, వాళ్ళను సాగనంపేదాకా ఊరుకోని ఇరుగుపొరుగు తెల్లవాళ్ళ కథ. అది అయ్యాక అందరికంటే ఎక్కువ మండిపడింది మాలో పెద్దాయన. సైన్స్ పార్క్‌లో ఉద్యోగం, గోదావరి జిల్లా మనిషి.

"మనకి మాత్రం తక్కువైందేంటండీ? ఈ ఫ్లాట్ దొరక్కముందు ఎన్ని ఫోన్లు చేశాం. 'ఇండియన్ ఆ? క్యానాట్ లా' అని ప్రతి ఓనరూ ఫోన్ పెట్టేసేవాడు. మనం వండితే వాడి గోడలు కంపు కొడతాయంట."

సాయంత్రం నా గదిలో ఖాళీగా ఉన్న మంచం కోసం కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి ఒకతను వచ్చాడు. హాస్టల్ గడువు ఆ రోజుతో తీరిపోయింది. పెట్టెలు వెంటే తెచ్చుకున్నాడు. పెద్దాయన టీ ఇచ్చాడు, ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు, దాంతోనూ తేలకపోయేసరికి "అంటే, మీరేవిట్లో?" అన్నాడు.

"మాదిగలం సార్."

"మంచిదండీ, మంచం మీదే. ఇక్కడ రోజుకొకరం వండుతాం. మీకు ల్యాబ్ పనితో తీరికెక్కడుంటుంది? వంట మాకొదిలేసి గిన్నెలు తోమండి, చాలు."

కాలేజీ రోజుల నుంచి కులనిర్మూలన సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఆ తెల్లవాళ్ళకు వీధి, మీకు వంటిల్లు, తేడా ఏమిటని నిలదీశాను.

"నాకు పట్టింపుల్లేవండీ. ఎవరు వండారని మా అమ్మ ఫోన్లో అడుగుద్ది. అబద్ధం చెప్పలేను కదా."

నేను వాదించిన ప్రతి చోటా కులపట్టింపు గదిలో లేని ఎవరో అమ్మదే. ఆ మాటే అన్నాను, ఇంకా చాలా అన్నాను. చివరికి ఆ విద్యార్థే నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, మీరే గెలుస్తరు. నాకు రాత్రికి పండుకునే జాగ గావాలె. గిన్నెలే గదా, ల్యాబ్‌ల పొద్దంత కడుగుడే."

అతను దిగాడు. నేను వంట మానేసి అతని పక్కన సింకు దగ్గర నిలబడ్డాను. వండడానికి ఇద్దరే మిగిలారు. ప్రాజెక్టు పనులు మీదపడి ఆ ఇద్దరూ రోజూ అలిసిపోయి ఇల్లు చేరేవాళ్ళు. కొన్నాళ్ళకు పెద్దాయన బూట్లయినా విప్పకుండా సోఫాలో కూలబడి, సింకు దగ్గరున్న విద్యార్థితో "తమ్ముడూ, ఈ పూట నువ్వు కుక్కర్ పెట్టెయ్యరాదూ. ఎవరు వండితే ఏంటి," అన్నాడు.

నా వాదనలన్నీ కలిసి చేయలేని పని అలసట చేసింది. సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు.

అతను గిన్నె తోమడం ఆపలేదు. "వద్దంటే ఆగాలె, రమ్మంటే వండాలె. నాకు గిన్నెలే మంచిగున్నయి సార్," అన్నాడు.

పెద్దాయన కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కు వెళ్ళి భోజనాలు కట్టించుకొచ్చాడు.

నెలాఖరుకు అతను యూ టీ అనే పేటలో గది చూసుకున్నాడు. అందులో రెండో మంచం ఉందా అని అడిగాను.

"ఉన్నదన్నా. వంట మాత్రం నేనే జేస్త," అన్నాడు.