కాకి ముందు ఇవ్వని మాట

మా నాన్న, మేం పిలుచుకునే బాపు, బతికుండగా ఒంట్లో ఎలా ఉందని ఒక్కసారి అడగని బంధువులంతా, పోయాక ఆయన ఆత్మ ఎక్కడిదాకా వెళ్ళిందో ఖచ్చితంగా చెప్పడం మొదలుపెట్టారు.

కర్మ రోజు పిట్టకు పెట్టడానికి ఎడపల్లి దగ్గర పొలం గట్టుకు వెళ్ళాం. ఒకప్పుడు ఆ పొలాలు మావి. మా చెరుకు బండ్లు బోధన్ ఫ్యాక్టరీకి బయలుదేరితే మిగతావాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. ఇప్పుడు అక్కడ వేరేవాళ్ళ వరి ఉంది. గట్టు మీద నిలబడడానికి కూడా అడగాల్సి వచ్చింది. అడిగాను, తల దించకుండా.

పోయినవారికి ఇష్టమైనవి వండి, విస్తరాకులో పెట్టి, దూరం జరిగి కాకి కోసం చూడాలి. కాకి ముడితే ఆత్మ తృప్తిగా ముందుకు సాగినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. ఆ కోరికేదో ఊహించి, తీరుస్తామని కొడుకు పైకి మాటివ్వాలి.

ఎండ నెత్తికెక్కింది. మటన్ మీద పులుసు ఎండి పొర కట్టింది. తుమ్మచెట్టు మీది కాకి మెడ తిప్పి చూస్తుందే తప్ప దిగదు.

"కల్లు పెట్టలేదా?" అన్నాడు మా పెదనాన్న కొడుకు.

"బాపు కల్లు ముట్టలేదు."

"నీ ముంగట ముట్టలే తమ్మీ, గంతే!"

ఎక్కడినుంచో సీసా వచ్చింది. విస్తరి పక్కన పోశారు. కాకి కదల్లేదు. ఇక మా మేనత్త నా మీద పడింది.

"మా అన్న పానం ఈ భూమి మీదనే ఉంది. మల్ల కొంటనని మాటియ్యి కొడుకా."

"నాతో ఎట్లయితది అత్తా?"

"నిన్ను కొనమంటున్ననా? అనుమంటున్న! అంటే నీ సొమ్మేం పోతది?"

నా మాట పోతుంది. మా ఇంట్లో అమ్ముడుపోనిది అదొక్కటే. దాన్ని కూడా, బాపు ముందే, అబద్ధానికి ఖర్చు చేయమంటోంది.

పైగా వాళ్ళు చెప్పే మనిషి నాకు తెలిసిన బాపు కాడు. నిజామాబాద్‌లో మా అద్దె ఇంటి మెట్ల మీద కూర్చుని ఒకరోజు ఆయన అన్నాడు: "ఈ జన్మల ఇడిసిపెట్టుడు నేర్సుకున్న బిడ్డా. వచ్చే జన్మల మల్ల మొదటికెళ్లి నేర్సుకునే పని లేదు." అంత దూరం నడిచిన మనిషిని నా మాటతో మళ్ళీ ఈ గట్టుకే కట్టేయమంటున్నారు. కర్మ అంటే వీళ్ళకు అర్థమైంది ఇదేనా అని ఒళ్ళు మండింది. కానీ ఒక భయం కూడా పట్టుకుంది. వీళ్ళ మాటే నిజమై, నా పట్టుదల వల్ల ఆయన దారిలో ఆగిపోతే?

"ఎంతసేపు నిలబడ్తవ్? మీ బాపును గట్లనే ఉపాసం పండవెడ్తవా?" అంది అత్త.

విస్తరి దగ్గరికి వెళ్ళాను. అందరికీ వినబడేలా అన్నాను:

"బాపూ, భూమి మల్ల కొనను. నాకు చేతగాదు."

చేతగాదు అనే మాట మా ఇంటి మగవాళ్ళ నోట నేనెన్నడూ వినలేదు. నా నోటికీ అది కొత్త. అత్త నుదురు కొట్టుకుంది. తర్వాత నా పక్కకు వచ్చి, కొంగు సర్దుకుని, విస్తరి వైపు వంగింది.

"ఇన్నవా అన్నా? వానికి చేతగాదట. ఇగ నువ్వే ఇడిసిపెట్టు."

కాకి దిగింది. ఒక గారె ముక్క పట్టుకుని ఎగిరిపోయింది. మటన్ ముట్టలేదు కాబట్టి లెక్కకు రాదని పెదనాన్న కొడుకు, వస్తుందని అత్త, స్నానాలయ్యేదాకా తగువు పడ్డారు. నన్నెవరూ అడగలేదు. నాకు వాదించే ఓపికా లేదు.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు, పది మంది వినేలా, "భూమి ఎప్పుడు కొంటున్నవ్?" అని గుచ్చుతారు. ఇదివరకైతే "చూద్దాం" అని గంభీరంగా పక్కకు తిరిగేవాణ్ణి. ఇప్పుడు "కొనను" అంటాను. అని, వడ్డించింది తింటాను.