ఎండుచేపల డేరా చూడడానికి వచ్చిన సార్

సార్ పోయారని మొన్న సోమవారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. అప్పుడు నేను ఎండిన నెత్తళ్ల చేపలను సంచులకు ఎత్తుతున్నాను. పని ఆపి కాసేపు ఇసుకలో కూర్చుండిపోయాను.

ఆయన మాకు పాఠాలు చెప్పిన సార్ కాదు. కొత్తగా ఏదైనా చేద్దామనుకునే యువతకు ప్రభుత్వం సాయం చేసే పథకంలో, జిల్లా ఆఫీసు తరఫున దరఖాస్తులు చూసేవారు. మాది కళింగపట్నం. వాన చినుకు పడితే ఇసుక మీద ఆరేసిన చేపంతా పాడయ్యేది. డిగ్రీ అయ్యాక నేను వెదురుబద్దలు, ప్లాస్టిక్ పట్టా తెచ్చి చేపలు ఎండబెట్టే డేరా ఒకటి కట్టాను. నెట్ సెంటరులో ఎవరో ఇంగ్లీషులో దరఖాస్తు రాసిపెట్టారు. సార్ దాన్ని చదివి పక్కన పెట్టారు.

"ఇది నువ్వు రాసినట్టు లేదమ్మా. మీ అమ్మకి ఎలాగ సెప్తావో అలాగ రాసి తే" అన్నారు.

అలాగే రాసిచ్చాను. తనిఖీకి సార్‌తో కలిపి ముగ్గురు అధికారులు వచ్చారు. డేరా తెర ఎత్తగానే గుప్పుమని కంపు. లోపల గాలి ఆడక చేపకు చెమ్మ పట్టేసింది. ఇద్దరు ముక్కు మూసుకుని జీపెక్కేశారు. సార్ మాత్రం వంగి లోపలికి దూరి, పట్టా లోపలివైపు కారుతున్న నీటిని వేలితో తుడిచి చూశారు. ఆయన శాకాహారి.

"మీకెందుకు బాబూ ఈ కంపు, బయటికొచ్చీయండి" అంది మా అమ్మ.

"నేను తిననమ్మా. ముక్కు పన్జేస్తాది కదా" అన్నారు.

రిపోర్టు రాసి నాకే చదివి వినిపించారు: ఈ రోజు పనిచేయలేదు, కారణం తెలిసింది, మరొకసారి చూడవలెను. పనిచేసిందని రాయమని బతిమాలాను.

"అబద్ధం రాస్తే సాయం వస్తాది. సేప ఎండదు."

ఆ రోజు ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. అయినా కింద గాలి రావడానికి, పైన పోవడానికి కంతలు పెట్టి డేరా మళ్లీ కట్టాను. రెండు వారాలకు, సెలవు రోజున, ఆయనొక్కరే బస్సులో వచ్చారు. ఒక చేపను విరిచి వాసన చూసి, ముక్క అమ్మ చేతిలో పెట్టి తినమన్నారు. అమ్మ నిదానంగా నమిలింది.

"బాగున్నాది. ఇసక తగల్లేదు."

ఆ మాటను అమ్మ పేరుతో సహా రిపోర్టులోకి ఎక్కించారు. సాయం మంజూరైంది. ఇప్పుడు మా వీధిలో చాలామంది అలాంటి డేరాలు కట్టుకున్నారు.

ఆయన్ను చివరిసారి నిరుడు ఆమదాలవలస స్టేషన్లో చూశాను. అప్పటికే రిటైరయ్యారు. బెంచీ మీద పేపరు పరిచి, మందస నుంచి వచ్చిన ఒక అమ్మాయి తయారుచేసిన జీడిపిక్కలు కొట్టే చేతిమిషన్ను విప్పి చూస్తున్నారు. విజయనగరం పాసింజరు వచ్చి ఆగింది.

"సార్, మీ బండి" అన్నాను.

"ఉండమ్మా. పిక్కతో పాటు పప్పు కూడా ఇరిగిపోతంది. ఎందుకో సూడాల" అన్నారు, తలెత్తకుండానే.

ఆ అమ్మాయి ఇంకో పిక్క పెట్టింది. సార్ కళ్లజోడు పైకి జరుపుకుని మెల్లగా పిడి నొక్కారు. వెనకాల బండి కదిలిపోయింది.