అన్న మెడ కుడివైపు తిరగలేదు

అన్న పోయాడన్న సంగతి నాకు పులివెందుల బస్టాండులో తెలిసింది. బండి తిప్పి నిలబెట్టి, జమ్మలమడుగు వైపు పోయే జనం ఎక్కుతుంటే పక్కన నిలబడి టీ తాగుతున్నాను. మా వెనకాలే ముద్దనూరు మీదుగా వచ్చిన బస్సు కండక్టరు దిగి నా దగ్గరికి వచ్చాడు. మీ అన్నకు బాగలేదంట, తొందరగా ఇంటికి పోవాలంట అన్నాడు. బాగలేకపోవడం నాకు కొత్త సంగతి కాదు, వారంగా జ్వరం ఉన్నదే. కానీ అతడు నా ముఖం చూడకుండా చెప్పాడు. దాంతో అర్థమైంది.

బస్సు నిండా జనం ఉన్నారు. వాళ్లను వదిలి పోలేను. ముద్దనూరులో దిగేవాళ్లను దింపి, జమ్మలమడుగులో బండి నిలబెట్టేసి ఇంటికి పోయాను. ప్రొద్దుటూరు పోవాల్సినవాళ్లు ఇంకో డ్రైవరు వచ్చేదాకా కూర్చోవాల్సి వచ్చి గొణుక్కున్నారు. అన్న బతికి ఉంటే వాళ్ల తరఫునే మాట్లాడేవాడు. ఇంట్లో ఎవరు చచ్చినా టికెట్టు కొన్నవాణ్ణి చెప్పిన ఊరికి చేర్చల్ల అనే మనిషి.

చూడవచ్చినవాళ్లంతా ఆయన్ను గొప్ప డ్రైవరని మెచ్చుకున్నారు. అది నిజమే. కానీ ఆయన స్టీరింగ్ పట్టిన ఏళ్లు నాకు లీలగానే గుర్తున్నాయి. పట్టలేకపోయిన ఏళ్లే కళ్ల ముందు ఉన్నాయి. ఇది రాయడానికి కూర్చుంటే ఏడుపుకంటే ముందు విసుగే వస్తోంది. అన్న మీద విసుగు, మా చుట్టుపక్కలవాళ్ల మీద విసుగు, అంత శ్రమకు కూడా లొంగని ఆ మెడ మీద విసుగు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట ఇది. అన్న డ్రైవరు, నేను కండక్టరు, ఇద్దరిదీ ఒకే బండి. పొద్దున్నే ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లం. ముద్దనూరు దాటాక వానాకాలం నీళ్లు పారే వంక ఒకటి ఉంది. ఒకరోజు ఆ వంక మలుపులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. అన్న బ్రేకు తొక్కి బండిని ఎడమకు కోశాడు. ముందు చక్రం కట్ట మీదనుంచి జారి వంకలోకి దిగింది. జనానికి పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. అన్న మాత్రం సీటులోనుంచి పైకి ఎగిరాడు, తల కప్పుకు కొట్టుకుంది. అదే విసురుకు తల వెనక్కి వాలి మెడ విరుచుకుపోయినట్టయింది. అందరం దిగి బండిని పైకి తోశాం. అన్న మెడ రుద్దుకుంటూ ఏం కాలేదని చెప్పి పులివెందుల దాకా తోలాడు. తిరుగు ట్రిప్పు కూడా తనే తోలాడు.

తెల్లారి ఆయన తల దిండు మీదనుంచి లేవలేదు. నిండు బిందెను లేపినట్టు రెండు చేతులతో తన తలను తానే పట్టి లేపుకోవాల్సి వచ్చింది.

ఇక చూడండి, మా వీధిలో ప్రతి ఒక్కరూ వైద్యులే. ఒకరు వావిలాకు కట్టమన్నారు, ఒకరు మంత్రం వేయించమన్నారు. వరసకు అత్తయ్యే ఒక పెద్దామె మెడ మీద వాత పెడితే చాలని పట్టుబట్టి, కొడవలి కాల్చడానికి పొయ్యి దగ్గరికి కూడా పోయింది. మా వదిన వంటింటి గుమ్మానికి అడ్డం నిలబడింది కాబట్టి ఆగింది. కానీ బెణుకులు తీసే మనిషిని మాత్రం మేమెవరం ఆపలేకపోయాం, ఎందుకంటే అన్నే కబురు పెట్టి పిలిపించుకున్నాడు. ఆ మనిషి కాళ్ల బెణుకులు బాగానే తీసేవాడు. నూనె రాసి, అన్న గడ్డం ఒక చేత్తో, తల ఇంకో చేత్తో పట్టుకొని ఒక్కసారి మెలితిప్పాడు. టక్కుమని శబ్దం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నొప్పి పోయిందని సంతోషపడ్డారు. ఆ సాయంత్రానికే అన్న కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. అన్నం ముద్ద చేతిలో నిలవలేదు.

అప్పుడు వదిన ఎవరినీ అడగలేదు. జట్కా పిలుచుకొని రమ్మని నాకు చెప్పి, ఆయన్ను జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరు ఫొటో తీయించి చూసి, ఎముక విరగలేదు, నరం నలుగుతోంది అన్నాడు. మెడను ఎవరు మెలితిప్పారని అడిగాడు. ఆయన మమ్మల్ని ఒక నర్సమ్మ దగ్గరికి పంపాడు. ఆమె కృష్ణా జిల్లా మనిషి, ఒళ్లు కదిలించి చేసే వైద్యం మద్రాసులో నేర్చుకొని వచ్చింది. మెడకు దూది, అట్ట పెట్టి గుడ్డతో పట్టీ చుట్టింది. మొదట కొన్నాళ్లు విశ్రాంతి, తరువాత కాపడం, ఆ తరువాత వ్యాయామాలు, రోజూ కాసేపు బరువుతో మెడను మెల్లగా సాగదీయడం. ఇదంతా చెప్పి, అన్నతో కాదు, నాతో అన్నది:

"అసలు వైద్యం జరిగేది మీ ఇంట్లోనండి, ఇక్కడ కాదు. నొప్పి పెరిగితే వెంటనే ఆపండి. పళ్లు బిగబట్టి చేయిస్తే ఉన్నది కూడా పాడవుతుంది."

నేను తలూపాను. నా కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

బరువు వేలాడదీయడానికి తలకు తగిలించే పట్టీ కావాలి. జట్కా గుర్రాలకు పట్టీలు కుట్టే సాయిబు మా వీధి చివర ఉండేవాడు. ఆయన అన్న గడ్డం కొలత, తల వెనక కొలత తీసుకుంటూ, గుర్రాలకు శానా కుట్టినాను గానీ మనిషికి కుట్టేది ఇదే మొదలప్పా అన్నాడు. అన్న నవ్వబోయి నొప్పికి కళ్లు మూసుకున్నాడు. మెత్తని గుడ్డ లోపల పెట్టి సాయిబు కుట్టిన ఆ పట్టీకి తాడు కట్టి, తలుపు పైన బిగించిన గిలక మీదుగా అవతలికి వేసి, తాడు చివర ఇసక సంచి వేలాడదీశాం. అన్న కుర్చీలో కూర్చుంటే సంచి బరువుకు మెడ మెల్లగా పైకి సాగేది. ఎంత ఇసక పోయాలో నర్సమ్మ తన చేత్తో పోసి చూపించింది.

అన్న మెడకు పట్టీ కట్టుకోడు. ఎవరైనా చూడ్డానికి వస్తే మెడ అట్ట తీసి మంచం కిందికి తోసేస్తాడు. ఎత్తు దిండు వద్దని చెప్పి మడతపెట్టిన దుప్పటి వేస్తే, పడుకున్నాక దిండు తెచ్చుకుంటాడు. వదిన తవుడు వేయించి మూట కట్టి కాపడం పెడుతుంటే బాగుందంటాడు. వ్యాయామం అనేసరికి బీడీ ముట్టిస్తాడు. ఆ వ్యాయామాలు కూడా కష్టమైనవి కావు. నుదుటికి అరచెయ్యి ఆనించి, చేతిని తలతో, తలను చేతితో మెల్లగా నెట్టాలి. గడ్డం లోపలికి లాగి పట్టుకొని వదలాలి. నొప్పి రానంతవరకు తలను పక్కకు తిప్పాలి. అంతే. రాయి ఎత్తమన్నా ఎత్తేవాడు. ఇంత చిన్న పని చేయమనడం ఆయనకు నామోషీగా ఉండేది. ఆడపిల్లల ఆటలాగుంది ఇది అనేవాడు.

ఒకరోజు నేను ప్రొద్దుటూరునుంచి వచ్చేసరికి ఆయన కుర్చీలో చెమటలు కక్కుతూ కూర్చొని ఉన్నాడు. ఇసక సంచి మామూలు కంటే లావుగా ఉంది. పైగా దానికి సన్నికల్లు మీద నూరే పొత్రం రాయి కూడా కట్టి ఉంది. పరుగున పోయి సంచిని చేతుల మీదికి తీసుకున్నాను.

"ఏంది అన్నా ఇది, ఎవరు కట్టినారు?"

"నేనే. ఎక్కువ కడితే తొందరగా బాగవుతాదని."

"ఆయమ్మ ఎంత చెప్పింది, నువ్వెంత కట్టినావు?"

"ఆయమ్మకేం, నెలకింత జీతమొస్తాది. నా సీట్లో యెవడో కూచోని తోల్తాండాడు."

అప్పటికి కుడిచేతి వేళ్లకు స్పర్శ వస్తోంది. ఆ ఒక్క పూటతో మళ్లీ మొద్దుబారాయి. మేము వెనక్కి పోయి, పడుకునే దశనుంచి అంతా మొదలుపెట్టాల్సి వచ్చింది. నర్సమ్మ విని కోప్పడలేదు. అంతా మళ్లీ మొదటినుంచి చెప్పింది. నాకే ఆమె ముందు నిలబడలేక సిగ్గేసింది. ఇంటికి వచ్చాక అన్నతో మాట్లాడకుండా ఇసక సంచి నా మంచం కింద పెట్టుకున్నాను.

అట్లా నెలలు గడిచాయి. చెయ్యి బాగైంది. ముద్ద నిలిచింది, చొక్కా గుండీలు తానే పెట్టుకున్నాడు. తల ఎడమవైపు భుజందాకా తిరిగేది. కుడివైపు మాత్రం కొంత తిరిగి ఆగిపోయేది. లోపల ఎవరో గొళ్లెం పెట్టినట్టు ఆగేది. బస్సు తోలేవాడు కుడిపక్క కూర్చుంటాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, కుడి భుజం మీదుగా వెనక్కి చూడకుండా రద్దీ బస్టాండులో బండి వెనక్కి తీయలేడు. మాకు తిరగాల్సిన వైపు అదే, తిరగనిదీ అదే.

మా బస్సు యజమాని ప్రొద్దుటూరులో ఉండేవాడు. మంచివాడే. సీటు అన్న కోసమే అట్టిపెట్టి, తాత్కాలికంగా ఒకణ్ణి పెట్టి నెట్టుకొచ్చాడు. ఇక ఆగలేక ఒకరోజు ఇంటికే వచ్చాడు. అన్న తెల్లచొక్కా వేసుకొని నిటారుగా కూర్చొని, రేపటినుంచే వస్తానన్నాడు. యజమాని ఆయన్ను కాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పబ్బీ. దినామూ చూస్తాండేది నువ్వే గదా. మెడ తిరుగుతాందా?"

అన్న నన్ను చూశాడు. అది అడుక్కునే చూపు కాదు. తమ్ముడు ఏం చెప్పాలో అన్నకు ముందే తెలుసన్న చూపు. నాకు వంక గుర్తొచ్చింది. సంతకు పోయే రోజుల్లో బండి పైన కూడా కూర్చునే జనం గుర్తొచ్చారు.

"ఎడం పక్కకు తిరుగుతాది," అన్నాను. "కుడి పక్కకు ఇంగా తిరగల్యా."

యజమాని తువ్వాలు భుజాన వేసుకొని లేచాడు. నన్ను ఈ మాట మళ్లీ అడిగినా అదే చెప్తాను. ఆ సంగతిలో నాకు అనుమానం లేదు. కానీ నిజం చెప్పినవాడికి కూడా మనసు కుదుటపడకపోవడం ఏమి న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్న నాతో మాటలు మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, నాకు చెప్పాల్సింది వదినకు చెప్పేవాడు. విచిత్రమేమిటంటే ఆ రోజునుంచి వ్యాయామాలు ఒక్క పూట కూడా మానలేదు. నేను బతిమాలినా చేయనివాడు నా మీద కోపంతో చేశాడు. నన్ను దగ్గరికి రానివ్వకుండా, గోడకు ముఖం పెట్టి కూర్చొని, నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఈ పట్టుదల మొదట్లోనే ఉంటే ఎంత బాగుండేది అని వదిన నాతో అంటే, నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది. నొప్పి పూర్తిగా పోయింది. నిద్ర పట్టింది. కుడివైపు ఇంకొంచెం తిరిగింది, ఇంకొంచెం. అక్కడ ఆగింది.

చివరిసారి ఆసుపత్రికి పోయినప్పుడు నర్సమ్మ ఆయన చేతిని నొక్కి చూసి, బలం పూర్తిగా వచ్చింది, మీరు గెలిచారండి అన్నది. అన్న చేతులు జోడించి దండం పెట్టాడు. బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి వదినతో ఒకే మాట అన్నాడు: "నేను గెల్చింటే బండి యాడుంది?"

ఆ సీటులో వేరేవాడు స్థిరపడ్డాడు. అన్న ప్రొద్దుటూరు షెడ్డులో పనికి కుదిరాడు. బండ్లు వచ్చే వేళ, పోయే వేళ చూసుకునే పని. ఆయన వాటిని చూసేవాడు కాదు, వినేవాడు. ఏ బండికి ఏం జబ్బో శబ్దాన్ని బట్టి చెప్పేవాడు. మాటల్లేకుండా ఏడాది గడిచింది. ఆలోపు ఆంధ్రప్రదేశ్ కూడా వచ్చింది. ఒక సాయంత్రం నేను టికెట్ల సంచి అప్పజెప్పి పోతుంటే ఆయన పిలిచాడు. ఇన్నాళ్ల తరువాత ఆయన నాతో ఆడిన మొదటి మాట నా గురించి కూడా కాదు.

"వాడు గేరు మారస్తాంటే నా బండి ఏడుస్తాందిరా. రేపు పొద్దున రా. నీకు నేర్పిస్తా."

అన్న నేర్పడం మామూలుగా ఉండదు. ఆయన నా ఎడమపక్క కూర్చునేవాడు. నన్ను చూడాలంటే కుడివైపు తిరగాలి, తిరగలేడు. ఎదురుగా రోడ్డు చూస్తూ, చెవులతో నా తప్పులు పట్టేవాడు. కాలు బరువుగా పడిందని, గేరుకు తొందరపడ్డావని, వెనక వస్తున్న ఎద్దులబండి గజ్జెలు వినపళ్లేదా అని గదమాయించేవాడు. "రోడ్డు ముందర ఒకటే ల్యారా, యెనక గూడా ఉంటాది" అనేవాడు. జమ్మలమడుగు బయట మైదానంలో బండిని వెనక్కి తీయడం ఎన్నిసార్లు చేయించాడో లెక్కలేదు. ప్రతిసారీ కిటికీలోంచి నా తల బయటికి పెట్టించి, పూర్తిగా తిప్పమనేవాడు. నా మెడ నొప్పి పుట్టేది. ఆ మాట ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

నాకు లైసెన్సు వచ్చింది, తరువాత అదే బండి వచ్చింది. అన్న సంతోషపడ్డాడో లేదో తెలియదు. టైర్లు చూసుకో అన్నాడు. యజమాని వచ్చిన రోజు మా ఇంట్లో జరిగిన సంగతి గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. నేను ఎదురుచూశాను. ఆయనా ఎదురుచూశాడేమో. ఇప్పుడు ఆ మాట ఎవరితో ఆడాలి?

నేను తినే తిండి ఆయన పెట్టింది. నేను జాగ్రత్తగా చూసే ప్రతి మలుపూ ఆయన చూపించింది. ఇది చెప్పుకోవడానికి నాకు నోరు రావడానికి ఆయన పోవాల్సి వచ్చింది.

జ్వరం రాకముందు వారం, అన్న జమ్మలమడుగు బస్టాండుకు వచ్చాడు. ఏదో పని మీద వచ్చానన్నాడు, పనేమీ ఉన్నట్టు లేదు. బండి కదిలాక అద్దంలో చూశాను. నేను మలుపు తిరుగుతుంటే, ఆయన తల తిప్పలేక, పంచె కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకొని, కాళ్లు కొద్దికొద్దిగా జరుపుతూ ఒళ్లంతా నా బండితోపాటు తిప్పుతున్నాడు. చుట్టూ జనం తోసుకుంటూ పోతున్నారు. ఆయన మెల్లగా తిరుగుతూనే ఉన్నాడు. దుమ్ము లేచి అద్దం కప్పేసింది.